చదవని చీటీ

కువైట్‌లోని ఫింటాస్‌లో మా తెలుగు సంఘం చర్చా వేదిక నెలకో శుక్రవారం మూడింటికి మొదలై ఐదింటికి ముగిసేది. చివరి అరగంట ప్రేక్షకులది. నలుగురిలో మైకు పట్టుకోవడానికి జంకేవాళ్ళు, ముఖ్యంగా ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, ప్రశ్న చీటీ మీద రాయించి పంపితే, ఆనాటి అంశంతో సంబంధం లేకపోయినా చదివి జవాబు చెప్పడం మా ఆనవాయితీ. ఆ శుక్రవారం చీటీలు చదివే పని నాకు అప్పగించారు. చేతికి పని ఉంటే నోరు ఊరుకుంటుందని వాళ్ళ ఆశ.

అంశం రాష్ట్ర విభజన. అహ్మదిలో పనిచేసే ఒక ఇంజనీరుగారు, ఆడవాళ్ళకు నదీజలాల లెక్కలు అర్థం కావన్నట్టు నవ్వాడు. ఇంకేముంది, అందుకున్నాను. ఆయన ఒకటంటే నేను నాలుగన్నాను. జనం చప్పట్లు కొట్టారు. గడియారం నాలుగున్నర దాటింది. చీటీలు నా ఫైలు కిందే ఉన్నాయి.

రెండో వరుసలోంచి ఒకామె లేచి వేదిక దగ్గరికి వచ్చింది. కడప వైపు మనిషి, నల్లటి అబాయాలో ఉంది. పనిచేసే ఇల్లు వదిలి పారిపోయి వచ్చిందని, కఫీల్, అంటే వీసా ఇచ్చిన ఆ ఇంటి యజమాని, కేసు పెట్టాడని అక్కడ చాలామందికి తెలుసు. అప్పుడు కాగితాల్లేనివాళ్ళు జరిమానా లేకుండా స్వదేశం వెళ్ళిపోవచ్చని ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించి ఉంది, గడువు ఇంకో వారమే.

"అక్కా, నాది ఎప్పుడు సదువుతావు? బండి వస్తాది."

"వరసలో ఉందమ్మా. కూర్చో."

అబద్ధం. వరసా లేదు, పాడూ లేదు. ఇంజనీరుగారి ఆఖరి వాదనకు నా దగ్గర మంచి జవాబు ఉంది, అదీ సంగతి.

ఐదింటికి కింద హారన్ మోగింది. సబ్హాన్ ప్రాంతంలోని ఒక గోడౌన్‌లో పనిచేసే ఆమె ఊరతని వ్యాను. ఆమె తలుపు దగ్గర ఆగి నావైపు చూసింది. నేను మాట్లాడుతూనే చేత్తో ఆగమన్నట్టు సైగ చేశాను. మళ్ళీ చూసేసరికి లేదు.

ఆ పూట గెలిచాను. టీ తాగేటప్పుడు ఫైలు తీస్తే ఆమె చీటీ కనిపించింది: "కేసు ఉన్నోళ్ళు క్షమాభిక్షకు పోతే జైల్లో వేస్తారా?" నా పక్క కుర్చీలోనే కూర్చున్న పెద్దాయన, క్షమాభిక్ష కాగితాలు ఎందరికో రాసిపెట్టిన మనిషి, చదివి తల ఎత్తాడు.

"వేయరమ్మా. పారిపోయిన కేసు ఒక్కటే అయితే ఇంటికి పంపించేస్తున్నారు. ఒక్క మాట కదా."

ఆమె ఫోన్ నంబరు ఎవరి దగ్గరా లేదు. వ్యాను అతని నంబరు సంపాదించి మూడు రోజులు చేశాను. స్విచ్ఛాఫ్.

తర్వాతి నెల సభకు అతను ఒక్కడే వచ్చాడు. గడువు అయిపోయింది. ఆమె వెళ్ళలేదట, ఎక్కడో కాగితాల్లేకుండానే పనిచేస్తోందట. రెండేళ్ళప్పుడు వదిలి వచ్చిన బిడ్డను ఇంటికి పోయి చూసుకోవాలనుకున్న మనిషి, ఆ బిడ్డకు అప్పటికి ఆరేళ్ళు.

ఎందుకు వెళ్ళలేదని అడిగాను. అతను నా మొహం చూడకుండా చెప్పాడు.

"సదువుకున్నోళ్ళంతా ఉండి కూడా మీరు నోరు ఇప్పలేదు కదమ్మా. జైలు కాబట్టే, చెప్పలేక దాటేసినారు అనుకునింది."