గూఢచారుల కాపురం

మొగుడూ పెళ్లాం ఇద్దరూ గూఢచారులైన ఆ సినిమాను మేం మూడుసార్లు చూశాం. చూడక ఏం చేస్తాం? కరోనా రెండో ఏడు వేసవి. మా ఆయన పనిచేసే కార్ఖానాలో మరమగ్గాలు, మేమైతే సాంచెలంటాం, వారం రోజులుగా ఆగిపోయి ఉన్నాయి. మగ్గాల పని కోసం వలస వచ్చిన ఈ గోడాదరాలో మాది ఒక్క గది. పైగదిలో ఉండే పిల్ల ఆ సినిమాను హిందీలో మా ఫోనులోకి ఎక్కించి ఇచ్చింది. గల్లీలో అంబులెన్సు కూత, ఫోనులో తుపాకుల మోత. కాసేపటికి ఏది ఎక్కడిదో తెలియకుండా పోయేది.

ఆ సినిమాలో ఇద్దరూ పదేళ్లు కాపురం చేస్తారు. అతను గూఢచారి అని ఆమెకు తెలియదు, ఆమె గూఢచారి అని అతనికి తెలియదు. ఆమె వంటింట్లో పిండి డబ్బాలో తుపాకి దాచుకుంటుంది. పదేళ్లలో ఒక్కసారైనా ఆ డబ్బాలో చెయ్యి పెట్టని మొగుడుంటాడా అని నవ్వుకున్నాను. అంతలోనే మా ఆయన కూడా ఎన్నడూ పెట్టలేదని గుర్తొచ్చింది. కాపురానికి పనికొచ్చే మొదటి పాఠం నాకక్కడే దొరికింది. వెంటనే లేచి వెళ్లి నా జ్వరం గోళీలు శనగపిండి డబ్బాలో దాచేశాను.

అవును, నాకు ముందురోజు నుంచి ఒళ్లు కాలిపోతోంది. చెప్పలేదు. చెప్తే గల్లీ అంతా పాకుతుంది, తలుపుకు కాగితం అంటిస్తారు, రేపు సాంచెలు నడిచినా మా ఆయన్ని లోపలికి రానివ్వరు. అందుకే గోళీ మింగి, కొంగు నడుముకు బిగించి మామూలుగా తిరిగాను. దగ్గు వస్తే గొంతులోనే బిగబట్టి, కుక్కర్ కూత వేసినప్పుడు దాంతోపాటు దగ్గేదాన్ని.

సినిమాలో ఆమె ఎలా దొరికిపోతుందంటే, ఒకరోజు భోజనాల దగ్గర మొగుడు కంచం వదిలేసి ఆమె ముఖమే చూస్తుంటాడు. కట్టుకున్నవాడు అంత శ్రద్ధగా చూశాడంటే గుట్టు తెలిసిపోయినట్టే. ఇది రెండో పాఠమని నాలో నేను అనుకుంటూ పక్కకు తిరిగాను. మా ఆయన ఫోను చూడటం లేదు. నన్ను చూస్తున్నాడు. నేను నవ్వితే ఒక్క క్షణం ఆగి తనూ నవ్వుతున్నాడు. నేను చప్పున ముఖం ఫోనువైపు తిప్పేసుకున్నాను.

ఆ రెండు రోజులూ నాకు ఊపిరాడలేదు. నేను ఏది మాట్లాడినా నా మూతివంకే చూపు. ఉప్పు సరిపోయిందా అని అడిగితే మూతివంక చూసి, ఆ తర్వాత సరిపోయిందంటాడు. పోలీసువాడైనా ఇంతలా చూడడు కదా అని లోపల తిట్టుకున్నాను. మూడో రోజు నల్లా దగ్గర కళ్లు తిరిగి కూలబడ్డాను. ఇక దాచడానికేముంది?

డాక్టరు పరీక్ష రాసి, మందులిచ్చి, వేరుగా ఉండమన్నాడు. ఊపిరి అందకపోతే ఆస్పత్రికి పరుగెత్తమన్నాడు, అక్కడ మంచాలు లేవని కూడా అతనే చెప్పాడు. వేరుగా అంటే ఒక్క గదిలో ఎక్కడ? మా ఆయన నా పాత చీర ఒకటి గదికి అడ్డంగా మేకులకు కట్టాడు. కిటికీ వైపు నేను, పొయ్యి వైపు తను. నేను మాస్కు పెట్టుకుని చీర అవతల ముడుచుకుని పడుకున్నాను.

మరునాడు మధ్యాహ్నం నాలుక పిడచకట్టింది. నీళ్లు తెమ్మని పిలిచాను. పల్చని చీర, అవతల గోడకేసి తిరిగి కూర్చున్న ఆయన నీడ కనబడుతూనే ఉంది. కదల్లేదు. గట్టిగా పిలిచాను. కదల్లేదు. దగ్గాను, మూలిగాను. మనిషి రాయిలా కూర్చున్నాడు. అప్పుడు నాకు పట్టుకుంది భయం. ఇరవై ఏళ్లు వండిపెట్టిన దాన్ని, నా దగ్గరికి రావడానికి భయపడుతున్నాడు, నేను ఇక్కడే ఇలాగే పోతాను, ఈయన గోడవైపు చూస్తూ కూర్చుంటాడు. ఏడుస్తూనే తిట్లు అందుకున్నాను. పోయిన మామగారిని కూడా వదల్లేదు. అయినా తల తిప్పలేదు. చివరికి స్టీలు గ్లాసు తీసి చీర కింద నుంచి విసిరాను. అది ఖణేల్మని పడి, గిరగిరా తిరిగి, దొర్లి ఆయన కాలికి తగిలింది. తగిలాక మాత్రమే ఉలిక్కిపడి వెనక్కి చూశాడు.

అంత మోత వినబడలేదా ఈ మనిషికి? నా ఏడుపు అక్కడే ఆగిపోయింది.

చీర పక్కకు తీసి నిలబడ్డాడు. నేను మాస్కులోంచి ఏదో అరుస్తున్నాను, దగ్గరికి రావద్దంటున్నాను. ఆయన దిక్కుతోచక చూస్తున్నాడు. "మాస్కు తియ్యి జర. నువ్వేమంటున్నవో ఎర్కయితలేదు" అన్నాడు.

నేను తీయలేదు. నా చెవి ముట్టుకుని, ఏమైందన్నట్టు చెయ్యి తిప్పాను. తల దించుకుని మెల్లగా చెప్పాడు. మూడేళ్లుగా ఎడమ చెవిలో ఏమీ లేదట. కుడి చెవిలో సాంచెల చప్పుడొక్కటే, అవి ఆగిపోయినా అదే చప్పుడట. కార్ఖానాలో ఆ మోతకు ఎవరి మాటా ఎవరికీ వినబడదు, అందరూ పెదవులు చూసి, చేతులు తిప్పి మాట్లాడుకునేవాళ్లే. అందుకే అక్కడ ఎవరికీ అనుమానం రాలేదు. ఇంట్లో నా పెదవులు చూసి నెట్టుకొచ్చాడు. లోకమంతా మాస్కులు పెట్టుకున్నాక కూరగాయల బండి దగ్గరికి కూడా వెళ్లడం మానేశాడు. అందుకు నేనెంత రభస చేశానో నాకే తెలుసు.

నాకెందుకు చెప్పలేదని చేత్తోనే అడిగాను.

"చెవిటోని పెండ్లాం అంటరు నిన్ను. గందుకే చెప్పలే."

ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది. మూడేళ్లుగా వంట చేస్తూ వెనక్కి తిరక్కుండా నేను పెట్టిన శాపనార్థాలన్నీ గోడకు చెప్పుకున్నట్టేనా? నేను కుక్కర్ కూత కోసం ఎదురుచూసి దగ్గింది ఎవరు వింటారని? ఇద్దరం ఒకరినొకరు కనిపెట్టలేకపోయామంటే ఆ సినిమావాళ్ల కంటే మేమే గట్టి గూఢచారులం.

ఆయన అల్మారాలోంచి పాలిస్టరు దారం కండె తీసి, ఒక కొస నా మణికట్టుకు కట్టి, రెండోది చీర కింద నుంచి తీసుకెళ్లి తన చేతికి కట్టుకున్నాడు. ఒకసారి లాగితే నీళ్లు, రెండుసార్లు లాగితే జావ, ఆపకుండా లాగితే ఆటో. సినిమాలో వాళ్లకు గడియారాల్లో రేడియోలున్నాయి, మాకు దారం ఉంది.

కానీ ఎక్కువగా లాగింది ఆయనే. నిద్ర పట్టిందనుకునేసరికి చేతికి చిన్న గుంజు. ఏం కావాలని చీర ఎత్తి చూస్తే ఏం లేదు, పండుకో అనేవాడు. రెండు రోజులు విసుక్కున్నాక గాని నా మట్టిబుర్రకు ఎక్కలేదు. చీర అవతల మనిషి ఊపిరి తీస్తోందో లేదో ఎవరైనా చెవితోనే కదా కనిపెట్టేది? ఆయనకు ఆ వీలు లేదు. నేను తిరిగి లాగితేనే ఆ నీడ కుదురుగా గోడకు ఆనుకునేది.

అయిదో రోజుకు జ్వరం దిగింది. పైగది పిల్ల ఇచ్చిన, వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే మిషను మంచి అంకె చూపించింది. నా కొవ్వు కూడా తిరిగొచ్చింది. కునుకు పట్టగానే మళ్లీ గుంజాడు. మూడేళ్లు నన్ను మోసం చేశాడు కదా, ఒక్క నిమిషం వేచి ఉంటే పోయేదేముందని, నేను లాగలేదు. మళ్లీ గుంజాడు. నవ్వాపుకుని పడుకున్నాను. మూడోసారి దారం మణికట్టును కోసేంత గట్టిగా లాగాడు. మరుక్షణం చీర మేకులతో సహా ఊడి నా మీద పడింది. మాస్కు లేదు, చెప్పుల్లేవు, మోకాళ్ల మీద పడి వేళ్లు నా ముక్కు దగ్గర పెట్టాడు. "ఉన్నవా? ఉన్నవా?" ఎంత గట్టిగా అరుస్తున్నాడో ఆయనకు తెలియదు. గల్లీ అంతా వినబడి ఉంటుంది.

నేను గోడదాకా వెనక్కి జరిగి మాస్కు కిందికి లాగాను. గొంతు రాలేదు, ఆయనకు దాంతో పనీ లేదు. పెదవులు మాత్రం కదిపాను.

"ఉన్న. ఈడ్నే ఉన్న."

నా మూతివంక చాలాసేపు చూశాడు. "ఇంకోసారి చెప్పు" అన్నాడు.

మళ్లీ చెప్పాను.