చేతికివ్వని ఇనుము

భిలాయి సెక్టర్ నాలుగులో సత్యారావు ఎవరంటే తెలియదంటారు. ‘ఇనుము సత్యారావు’ అంటే పాలవాడు కూడా ఇల్లు చూపిస్తాడు. పగలంతా కర్మాగారంలో వెల్డింగ్ పని. సాయంత్రమైతే ఇనుము పేరు మీద కబుర్లు, దొరికినవాడి ఖర్మ.

“హిందీవోళ్ళకి లోహా అంటే ఇనుమొక్కటే. మనకి బంగారమూ లోహమే. ఇంటిపేరంతా ఒక్క తమ్ముడే కొట్టేసినాడేటి?” అనేవాడు. అరవవాళ్ళ ఇరుంబుతో మన ఇనుముకు చుట్టరికం కలిపేవాడు. పనిమంతుణ్ణి మెచ్చుకోవాలంటే హిందీలో ‘నీ లోహాని ఒప్పుకున్నాం’ అంటారట. మనకేమో దరిద్రం వస్తే ఇనప గజ్జెల తల్లి వచ్చినట్టు. ఈ తేడా అతన్ని ఏళ్ళ తరబడి బాధించింది.

ఈ సోదంతా ఓపిగ్గా విన్నది ఎదురు క్వార్టర్ కొర్నేలి ఒక్కడే. తుని వైపు క్రైస్తవుడు, క్రేను నడుపుతాడు. అతనికి నవ్వు తెప్పించేది ఒకటే. సత్యారావు ఇనప వస్తువు చేతికివ్వడు. కింద పెడతాడు, అవతలివాడు తీసుకోవాలి. చేతికిస్తే తగువొస్తుందని శ్రీకాకుళంలో వాళ్ళమ్మ నేర్పింది.

“తగువు ఇనుములో ఉంటే ఈ ఊళ్ళో ఒక్కడూ మిగలడు గురూ,” అనేవాడు కొర్నేలి.

తొంభై మూడులో వానలకు ముందు ఇద్దరూ కొర్నేలి వరండా రేకు బిగిస్తున్నారు. నిచ్చెన మీదున్న సత్యారావును కొర్నేలి తన సుత్తి అడిగి చెయ్యి చాపాడు. సత్యారావు అలవాటు కొద్దీ దాన్ని నిచ్చెన మెట్టు మీద పెట్టాడు. అది జారి కొర్నేలి బొటనవేలు చితక్కొట్టింది.

“నీ శాస్త్రం తగలెయ్య, కాలు పోయింది,” అన్నాడు కొర్నేలి.

“చూసుకోవాల కదేటి,” అన్నాడు సత్యారావు.

కట్టు కడుతూ కొర్నేలి భార్య మరియమ్మ అంది: “ఇనుముతో కూడితే అగ్నికీ సమ్మెట దెబ్బలేనని మీరే చెప్పారు కదండీ, అన్నయ్యగారూ.”

తను నేర్పిన సామెతే తనకు తగిలేసరికి సత్యారావు, కిందపడితే దిగి తీసిన సుత్తి చేతిలో ఉండగానే ఇంటికి వచ్చేశాడు. అక్కడితో మాటలు బందయ్యాయి. వినేవాడు లేక అతని కబుర్లకు తుప్పు పట్టింది. బాధపడ్డాడు గాని తగ్గలేదు. మొండితనంలో ఇద్దరూ ఇద్దరే.

మరుసటేడు కొర్నేలి ముందుగానే రిటైరయ్యాడు. తుని వెళ్ళే లారీకి సామానెక్కిస్తుంటే, ఇక రాడని సత్యారావుకు అప్పుడు తెలిసొచ్చింది. సుత్తి పట్టుకుని గబగబా రోడ్డు దాటాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఇనుమును చేతికి అందించబోయాడు.

“ఇదిగో, నీ సుత్తి. చేతికే ఇస్తన్నాను.”

కొర్నేలి చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకున్నాడు.

“కింద పెట్టు గురూ. ఈసారి తగువొస్తే తీర్చుకోడానికి మనం ఎదురెదురుగా ఉండం.”

సత్యారావు వంగి సుత్తిని గుమ్మం మెట్టు మీద పెట్టాడు. కొర్నేలి తీసుకున్నాడు.