రుచి చూడకుండా చేసిన స్ట్రాబెరీ పచ్చడి

మారతహళ్ళిలో నేను వంటకు కుదిరిన కొత్త ఇంట్లో ఈ రోజు మూడో రోజు. నాకంటే ముందు వచ్చిన ఇద్దరిని నెల తిరక్కుండానే మాన్పించారని వాచ్‌మన్ చెప్పాడు. పొద్దున మేడమ్ రెండు డబ్బాల స్ట్రాబెరీలు నా ముందు పెట్టింది.

"అక్కా, ఒకదాంతో స్వీట్ చెయ్యి, ఇంకోదాంతో ఏమన్నా కారంగా చెయ్యి. మధ్యాహ్నం మా అత్తమ్మ వస్తా ఉంది."

ఆ పండు నేనెన్నడూ తినలేదు. ఇంటివాళ్ళు తినకముందు వంట రుచి చూడకూడదని మా అమ్మ నేర్పింది. వాసన చూస్తే పులుపు తగిలింది. మామిడికాయ లాంటిదే అనుకొని పచ్చిమిర్చి, వేయించిన వేరుశనగలు వేసి పచ్చడి నూరి తిరగమోత పెట్టాను. రెండో డబ్బా కేసరికి వాడి, పులుపుకు భయపడి చక్కెర ఎక్కువ పోశాను.

మధ్యాహ్నం వచ్చిన పెద్దావిడ పచ్చడన్నం ఒక ముద్ద తిని నావైపు చూసింది.

"ఉప్పు చూసినావా?"

"లేదమ్మా. మీరు తినకముందు నోట్లో ఏసుకోను."

"మా అమ్మా అంతే. ఇంకొంచెం అన్నం పెట్టు. కేసరి మాత్రం చక్కెర పాకం మాదిరి ఉండాది."

పచ్చడి గిన్నె ఖాళీ అయింది. నేను బయల్దేరేటప్పుడు మేడమ్ నాలుగు పండ్లు చేతిలో పెట్టి, "రేపు ఏడుకే వచ్చేయ్ అక్కా" అంది. అప్పుడు నాకు ఊపిరాడింది.

బస్సులో ఒక పండు తిన్నాను. నేననుకున్నంత పులుపు లేదు. ముందే తిని ఉంటే పచ్చడి జోలికి పోయేదాన్ని కాదు. మీలో రుచి చూడకుండా వండేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?