ఓదెలు కాక అరచేయి

మెడికల్ షాపులో నా పక్కన నిలబడ్డ మనిషి గోళీల పట్టీ నొక్కి ఒకటి నోట్లో వేసుకున్నాడు. ఆ రేకు టప్పున చిరిగిన చప్పుడుకు ఇప్పటికీ నా తల అటు తిరుగుతుంది. గ్యాస్ గోళీ, అంతే. అయినా ఊరుకోలేక "డాక్టర్ రాసిచ్చిండా అన్నా?" అని అడిగాను. అతను నన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయాడు. ఊరందరి గోళీలతో నాకేం పని? కానీ నేను ఓదెలు కాకను చూసినవాణ్ణి.

గోదావరిఖనిలో భూగర్భ బొగ్గుగనిలో నేను కొత్తగా చేరినప్పుడు ఆయన మా జట్టుకు సర్దార్. సర్దార్ అంటే అందరికంటే ముందు లోపలికి పోయి, పైకప్పు నిలుస్తుందో లేదో చూసి చెప్పేవాడు. ఇనుప కడ్డీతో పైబండను కొట్టి, రెండో చేతి అరచేయి దానికి ఆనించేవాడు. గట్టి బండ కదలదు. పట్టు వదిలిన బండ అరచేతికి తెలిసేలా సన్నగా అదురుతుంది. "చెవిని నమ్మకు శీనూ, మిషన్ల మోతల అది మోసపోతది. చెయ్యి ఆనియ్యి" అనేవాడు. నా చేయి పట్టుకుని బండకు ఆనించి, నాకు తెలిసేదాకా వదిలేవాడు కాదు. మా అందరి ప్రాణాలూ ఆయన అరచేతిమీదే ఉండేవి.

పరగడుపున గ్యాస్ గోళీ పడనిదే ఆయన డ్యూటీకి కదిలేవాడు కాదు. షిఫ్టు మారినప్పుడల్లా తిండివేళలు తప్పి, ఛాతీలో మంట. ఎప్పుడో కొద్దిరోజులకని రాసిచ్చిన మందును ఏళ్ళ తరబడి మింగాడు. మాలో చాలామందికి అదే అలవాటు. ఆ ఎండాకాలం ఆయనకు పిక్కలు పట్టెయ్యసాగాయి. "చెమటకు గట్లనే అయితది" అన్నాడు. రెప్ప కొట్టుకుంటుంటే "కుడికన్ను గద, మంచిదే" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. దవాఖానకు పోదామంటే మాట దాటేసేవాడు. అన్‌ఫిట్ అని రాసి ఇంటికి పంపుతారని ఆయన భయం.

ఒకరోజు మొదటి షిఫ్టులో కడ్డీతో కొట్టి, అరచేయి ఆనించి, అలాగే నిలబడిపోయాడు. మళ్ళీ కొట్టాడు. టోపీదీపం వెలుగులో ఆయన ముఖం చూసి దగ్గరికి పోయాను.

"ఏమైంది కాకా?"

"జుమ్ముమంటున్నది. బండ అదురుతున్నదా, నా చెయ్యే అదురుతున్నదా, ఎర్కైతలేదు."

అందరినీ బయటకు నడిపించాడు. పైఅధికారి ముందు, అందరూ వింటుండగా, "నా చెయ్యి చెప్తలేదు సార్, ఇంకొకల్లను పంపుండ్రి" అన్నాడు. అన్‌ఫిట్ అన్న మాటకే వణికిన మనిషి తన చేయి పనికిరాదని తన నోటితోనే అన్నాడు. అంటుండగానే ఆయన వేళ్ళు బిగుసుకుని కొంకర్లు పోయాయి.

దవాఖానకు తీసుకుపోయి రక్తపరీక్ష చేయిస్తే కాల్షియం, పొటాషియం రెండూ తక్కువ. ఎక్కించారు. మళ్ళీ చూస్తే మళ్ళీ తక్కువే. గుండె లయ కూడా తప్పుతోందన్నారు. ఆయన భార్య కనకమ్మ చిన్నమ్మ నా చేయి పట్టుకుని, "ఎంత ఎక్కిచ్చినా నిలుస్తలేదట, ఏంది శీనూ గిది?" అంది. డాక్టరమ్మ వచ్చి, "ఇంట్లో ఏం మందులు వాడతారు?" అని అడిగింది.

"మందులేం లేవమ్మా. గ్యాస్ గోళీ ఒక్కటే" అంది చిన్నమ్మ.

అది కూడా మందేనని మేమెవరం అనుకోలేదు. డాక్టరమ్మ వెంటనే మెగ్నీషియం పరీక్షకు పంపింది. అది అడుగంటిపోయి ఉంది. "తిన్న తిండిలోంచి మెగ్నీషియాన్ని పేగు తీసుకోవాలి, మూత్రంలో పోకుండా కిడ్నీ ఆపుకోవాలి. ఈ గోళీ ఏళ్ళ తరబడి వేసుకుంటే కొందరిలో పేగు సరిగా తీసుకోదు. మెగ్నీషియం లేకపోతే పొటాషియం మూత్రంలో పోతుంది, కాల్షియం పెరగదు. ఇన్నాళ్ళూ చిల్లికుండలో నీళ్ళు పోశాం" అంది. మెగ్నీషియం ఎక్కించాక మిగతా రెండూ నిలబడ్డాయి. ఆ గోళీ మాన్పించి వేరే మందు రాసింది.

తేరుకున్నాక కాక మొదట అడిగింది బండ గురించే.

"మంచిదేనట కాకా. వేరే సర్దార్ చూసిండు. ఉత్తగనే షిఫ్టు ఆపిండని అందరు నవ్వుతున్నరు."

"నవ్వనియ్యి. నవ్వెటందుకు అందరున్నరు గద."

ఆయన మళ్ళీ గనిలోకి దిగలేదు. పైన డ్యూటీ చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు లేడు. ఇప్పుడు నేనే సర్దార్‌ని. నాకు భయం ఎక్కువని జట్టులో పేరుంది, నిజమే. బండకు ఆనించేముందు నేలమీద చేయి పెట్టి, నా చెయ్యే అదురుతోందేమో చూసుకుంటాను. మొన్న ఎందుకో నమ్మకం కుదరక, అందరినీ బయటకు తీసుకొచ్చి, నా చేయి చెప్పడం లేదన్నాను. ఇంకొకరు పోయి చూశారు. బండ గట్టిగానే ఉంది. కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. నేను వాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూసుకుంటూ నిలబడ్డాను.