ప్రసంగం చేసినోడి పత్తి

ఆ టీ గ్లాసు కొంచెం మెల్లగా ఇయ్యప్పా, వేళ్లు ముడుచుకోడం లేదు! నిన్న ఆదివారం నా నోరు చేసిన పనికి ఈ వేళ్లకు పడిన శిక్ష ఇది. నవ్వం అని ఒట్టేస్తే చెప్తా.

పొద్దున గుడికి పోతే మా ఫాదర్‌కు గొంతు పట్టేసింది. "జోజప్పా, పూజ ఎట్లో కానిస్తా. అయినాక ఆ ప్రసంగం నువ్వు చూసుకో. భూమి, కూలోళ్లు, విశ్రాంతి... వీటి గురించి మన కతోలిక తిరుసభ ఏం చెప్తాదో నాలుగు ముక్కలు చెప్పు చాలు" అన్నాడు.

నాకు మైకు దొరకడమే ఆలస్యం! "కూలి మనిషంటే మిషను కాదు! రైతు ఎంత మొత్తుకున్నా ఆదివారం చేనికి పోవద్దండి. భూమికీ రెస్టు కావాల, మీకూ కావాల!" అని ఊగిపోయినా. ముందు వరసలో తెరేజమ్మ, ఆమె గుంపు కూర్చొని తలలూపుతాండారు. తెరేజమ్మ ఎవరనుకున్నారు? నా చేన్లో పత్తి ఇడిపించే ఆడోళ్లకు పెద్ద!

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నానో లేదో, మా ఇంటామె బయట నుంచి కేకేసింది. "ఓయ్, ఎమ్మిగనూరు దిక్కు చూడు!"

చూస్తే మబ్బు. నల్లగా, కిందికి దిగి వస్తాంది. చేనంతా పత్తి పగిలి తెల్లగా ఉంది. తడిసి రంగు మారిందంటే ఆదోని మార్కెట్ యార్డులో దాన్ని పలకరించేవాడు ఉండడు. ఏడాది కష్టం మొత్తం ఆ చేన్లోనే ఉంది, మాకు ఇంకో పంట లేదు.

"పోయి తెరేజమ్మను పిల్చకరా!" అంటాది ఈమె. యా మొహం పెట్టుకొని పోవాల? ఫాదర్‌కు ఫోన్ చేసినా. "ఆపదలో పని చేసుకోవచ్చు, తప్పు లేదు" అని ఆ పట్టేసిన గొంతుతోనే గుసగుసగా అన్నాడు. "కానీ ఎవర్నీ బలవంతం చెయ్యొద్దు జోజప్పా."

పోయినా. తెరేజమ్మ అరుగు మీద కూర్చొని మనవరాలికి తల దువ్వుతాంది. పక్కన ఆడోళ్లంతా ఉండారు.

"తెరేజమ్మా... చేన్లో పత్తి..."

"ఈ పొద్దు ఏం వారమప్పా?"

"ఆదివారమే..."

"పొద్దున ఎవరో మనిషంటే మిషను కాదని సెప్పినారే, ఎవరబ్బా ఆయన?"

అంతలో ఉరిమింది. ఒక్కరూ నవ్వలేదు. "ఆ మాట నాదే తల్లీ. మబ్బు మాత్రం నాది కాదు" అన్నా. నిజం చెప్తాండా, నాకు ఏడుపొచ్చింది.

ఆమె మబ్బును చూసింది, నన్ను చూసింది. "కూలికైతే ఈ పొద్దు రాం. సాయానికి వస్తాం. దానికి బదులు మంగళవారం నువ్వొచ్చి నా చేన్లో శనక్కాయ పీకాల. ఇంగో మాట, గట్టు మీద నిలబడి బిరీన, బిరీన అని తొందరపెడ్తా అరిసేది లేదు. మాతో పాటే సాలు పట్టు."

పట్టినా! వాళ్లు సాలు చివరికి పోయి తిరిగొస్తాంటే నేను ఇంకా సగంలోనే ఉన్నా. కాయ డిప్పలు గుచ్చుకొని వేళ్లు రక్తాలు. మీద ఉరుములు, ఎదురుగాలి. నాకు 'అమ్మా' అని నడుమెత్తే టైము కూడా లేదు. "బిరీనప్పా, బిరీన!" అని ఈసారి వాళ్లే నన్ను అదిలిస్తాండారు.

పొద్దు గుంకేటప్పటికి ఆఖరి మూట ఇంట్లో పడింది. నేను వాకిట్లో కూలబడి పైకి చూసినా. ఒక్క చినుకు లేదు! మబ్బంతా తీరిగ్గా గూడూరు దిక్కు పోతాంది.

తెరేజమ్మ కొంగుతో మొహం తుడుచుకొని, "నీ ప్రసంగం మబ్బు కూడా ఇనిందప్పా! ఆదివారం పనికి రాలేదు" అనింది.

రేపే మంగళవారం. నా నడుము చూస్తే ఇట్లుంది. అందుకే ఇందాక మళ్లీ ఫాదర్‌కు ఫోన్ చేసినా. "ఫాదర్, మంగళవారం కూడా రెస్టు తీసుకోమని తిరుసభ యాడన్నా చెప్పిందా?"