మట్టి మోసిన అరవై అడుగులు

1910 ప్రాంతం. పుదుచ్చేరిలో ఫ్రెంచి సర్కారువారి బోరు పనిలో నేను మేస్త్రీని. ఆర్టీషియన్ బావులు వేసేవాళ్లం. లోతున ఉన్న ఇసుక పొరకు గొట్టం తగిలితే చాలు, ఆ బావుల్లో నీళ్లు వాటంతటవే పైకి పొంగుతాయి. ఇసుక మీద మూతలా నల్లబంకమట్టి ఉంటుంది. తాడుతో ఇనుప ఉలిని ఎత్తి వేస్తూ, అడుగుకు ఎన్ని దెబ్బలు పడ్డాయో పాట కట్టి లెక్కపెట్టడం మావాళ్ల అలవాటు. ఇంజనీరు దొరకు ఆ పాటంటే చిరాకు.

బాహూరు అవతల ఒక ఊళ్లో బావుల నీళ్లన్నీ ఉప్పుగా మారాయి. రంగమ్మ అనే రైతు, అన్నదమ్ములు వద్దంటున్నా, తన కళ్లాన్ని బోరుకు ఇచ్చింది. నలభై అడుగుల దగ్గర ఉలి మొండికేసింది. దొర వచ్చి చూసి, ఇది రాతి నేల, కింద ఇసుక ఉండదు, రేపు గొట్టాలు పీకేయమన్నాడు.

రంగమ్మ నన్ను పక్కకు పిలిచింది. “ఏందప్పా, నీళ్లు యాడా లేవా? నా కళ్లం పోతే పోనీ, ఊరికి ఏం సెప్పేది?”

నాకు ఒళ్లు మండింది. పైకి వచ్చిన మట్టిని వేళ్లతో నలిపి చూశాను. పుదుచ్చేరి పట్నంలో దొరికే అదే నల్లమట్టి, అవే చిట్టి గుల్లలు. మావాళ్ల పాటలో తేలిన దెబ్బల లెక్క మాత్రం పట్నంలో నూరు అడుగుల దగ్గర పడేంత. అప్పుడు తట్టింది. ఈ నేల ఎప్పుడో పైకి లేచింది, లేచినదాన్ని వానలు కడిగేశాయి. అరవై అడుగుల మన్ను పోయింది. పట్నంలో నూట ఎనభై దగ్గర తగిలే ఇసుక ఇక్కడ నూట ఇరవైలోనే తగలాలి.

దొరకు అరవం వచ్చు. “మూట దించినా హమాలీ భుజం మీద కాయ పోదు దొరా. ఈ మట్టీ అంతే, ఒకప్పుడు మోసిన బరువుకు గట్టిపడింది,” అని, పాటలో తేలిన దెబ్బల లెక్కా చెప్పాను. ఆయన నవ్వి పది రోజులు గడువిచ్చాడు.

తొమ్మిదో రోజు, నూట పద్దెనిమిది అడుగుల దగ్గర ఉలి సర్రున దిగింది. తెల్ల ఇసుక. వెనకాలే నీళ్లు గొట్టం అంచు దాటి కళ్లమంతా పరుచుకున్నాయి. రంగమ్మ దోసిలి పట్టి తాగింది. “తియ్యగుండాయప్పా,” అంది, అన్నదమ్ముల వైపు చూస్తూ. నేను గర్వంతో ఉబ్బిపోయాను, దాచుకోవడమెందుకు?

టేపు ఉన్న నేలనే కొలుస్తుంది. పోయిన నేలను మట్టి గట్టిదనాన్ని బట్టి కొలవాలని ఆ కళ్లంలో నేర్చుకున్నాను. మురుంగపాక్కంలో తర్వాతి బోరు దగ్గర, దొర రావడం చూసి మావాళ్లు గబుక్కున నోళ్లు మూసుకున్నారు. ఆయన టోపీ తీసి మట్టిగుట్ట మీద కూర్చున్నాడు.

“పాట ఎందుకాపారు?” అన్నాడు.