చింతపండుతో తోమిన సెంటు

మొన్న ఇక్కడే సింగపూరులో, పాసిర్ రిస్‌లోని మా అమ్మాయి ఫ్లాటు కింద కాఫీ తాగుదామని వెళ్లి, పర్సులోంచి చిల్లర తీసి గల్లా ముందు పెడితే, అక్కడున్న పిల్ల నేనేదో చచ్చిన బొద్దింకను పెట్టినట్టు వెనక్కి జరిగి, "సారీ ఆంటీ, నో క్యాష్, స్కాన్ ఓన్లీ" అంది. నేను నోరెళ్లబెట్టాను. డబ్బులిస్తే పుచ్చుకోకపోవడం ఏమిటండీ, ఎక్కడైనా ఉందా ఈ చోద్యం! మా అమ్మాయి నవ్వుతూ, "అమ్మా, నోబడీ యూజెస్ కాయిన్స్ నౌ లా" అని ఇక్కడివాళ్ల పద్ధతిలో చివర లా తగిలించి, ఫోను చూపించి రెండు కాఫీలు కొనేసింది గానీ, ఆ కాఫీ నాకు గొంతు దిగలేదు. ఇంటికొచ్చి ఆ చిల్లరంతా బల్లమీద పరిచి చూస్తే అందులో ఒక సెంటు బిళ్ల ఒక్కటీ లేదు. చొక్కా గుండీకంటే కాస్త పెద్దగా, రాగిరంగులో, ఒక వైపు ఆర్కిడ్ పువ్వుతో ఉండే ఆ బిళ్ల మీలో ఇక్కడికి నాతోపాటే వచ్చినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. నాకు గుర్తుండటం కాదు, ఇన్నేళ్లయినా గుండెల్లో గుచ్చుకుంటూనే ఉంది.

అప్పట్లో మేము సెరంగూన్‌లో ఉండేవాళ్లం. మావారు జురాంగ్ ఐలాండ్‌లో ప్లాంటు ఉద్యోగానికి తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కేవారు, అమ్మాయి బడికి వెళ్లిపోయేది, ఇక సాయంత్రం దాకా ఆ మూడు గదుల్లో నేనూ, నా కుక్కరు కూతలూ. అలాంటి ఒక పూట తలుపు చప్పుడైతే తీశాను. రెండు తలుపుల అవతల ఉండే హైదరాబాదావిడ. పక్కింటివాళ్లు పంచదారో, తోడుకు పెరుగో అడగడం ఎరుగుదును గానీ ఆవిడ, "మీ ఇంట్ల భూతద్దం ఉందామ్మా?" అని అడిగింది. వేలికి ముల్లు గుచ్చుకుందేమోనని కంగారుపడి, మా అమ్మాయి సైన్సు పెట్టెలోది తీసి ఇచ్చి, ఊరుకోలేక వెంట వెళ్లాను. వాళ్ల హాలులో దుప్పటి పరిచి ఉంది, దాని మీద రాసులుగా సెంట్లు. ఏ హుండీ అయినా పగలగొట్టారా అని హడలిపోయాను. ఆ వేళ నుంచి ఆవిడ నాకు ఆపా, అంటే అక్క, అయింది.

ఆ పని ఎలా ఉండేదో చెబుతాను. బ్యాంకులో సెంట్లు కాగితంలో చుట్టి, కట్టగా ఇచ్చేవారు. వాటిని రోల్స్ అనేవాళ్లం. గోటితో కాగితం చీల్చి దుప్పటి మీద కుమ్మరించి, ఒక్కో బిళ్లనూ కిటికీ వెలుగులోకి ఎత్తి, అక్షరాలు రెండుసార్లు పడ్డాయా, పువ్వు రేకు తెగిందా, అంచు తిన్నగా ఉందా అని చూడాలి. టంకసాలలో యంత్రం తప్పుచేసిన బిళ్ల లక్షల్లో ఒకటి బయటికి వస్తుందట, అది దొరికితే పండగట. ఏమీ లేని బిళ్లలను మళ్లీ బ్యాంకుకే, అదీ వేరే బ్రాంచికి తీసుకెళ్లి ఇచ్చేవాళ్లం, ఎందుకంటే మొదటి బ్రాంచిలో అమ్మాయి మమ్మల్ని చూడగానే కిటికీ మూసేసేది. ఫోనులో మా అమ్మకు, రోజూ రోల్స్‌లో వెతుకుతున్నామే అని చెబితే, ఆవిడకు రోలు తప్ప రోల్సు ఏం తెలుసు, సింగపూరు వెళ్లి కూడా రోట్లో రుబ్బుకుంటున్నావా తల్లీ అని ఏడ్చినంత పని చేసింది. ఇంగ్లీషు పుస్తకం చదివి మర్మాలన్నీ నేర్చింది ఆపా. నేను మాత్రం కబుర్ల కోసం వెళ్లేదాన్ని, చెప్పినదాంట్లో సగమే చెవిన పెట్టేదాన్ని. ఆ సగమే నా కొంప ముంచింది.

ఆపాకు ఒకే ఒక్క కోరిక ఉండేది. ఊళ్లో ఒక పాత షాపింగ్ కాంప్లెక్సులో, మూడో అంతస్తులో చీనా అంకుల్ ఒకాయన నాణేల దుకాణం నడిపేవారు. శనివారాలు అక్కడ సేకరించేవాళ్లంతా చేరేవారు, అందరూ మగవాళ్లే. ఏడాదికోసారి అద్దాల పెట్టెల్లో మంచి నాణేలు పెట్టి, పక్కన తెచ్చినవారి పేరు అచ్చువేసిన చీటీ ఉంచేవారు. ఆ చీటీ మీద తన పేరు చూసుకోవాలని ఆపాకు ప్రాణం. ఫ్లాటూ, బ్యాంకు పుస్తకమూ, తలుపు మీది బోర్డూ అన్నీ వాళ్లాయన పేరనే ఉన్నాయనీ, ఫలానావారి భార్య అని కాకుండా ఉత్త తన పేరు ఎక్కడైనా రాసి ఉండగా చూడలేదనీ నాతో చెప్పినప్పుడు, నా పేరు కూడా పెళ్లి శుభలేఖ తర్వాత ఎక్కడా అచ్చులో చూసుకోలేదని గుర్తొచ్చి ఉలిక్కిపడ్డాను.

ఎన్ని వందల రోల్స్ చింపామో, మూడో ఏడు ఒక మధ్యాహ్నం ఆపా కెవ్వుమంది. "చాంద్ నికల్ గయా అమ్మా, గిది జూడు!" ముదిరి గోధుమరంగుకు తిరిగిన ఒక సెంటు. దాని మీద పువ్వు బిళ్లకు నడుమ లేదు, ఓ పక్కకు జరిగి సగానికి పైగా మిగిలింది, రెండో పక్క ఆవిడ చాంద్ అన్న నెలవంకంత జాగా నున్నగా ఖాళీ. ఇద్దరం చేతులు పట్టుకుని చిన్నపిల్లల్లా గెంతితే కింద ఫ్లాటువాళ్లు కర్రతో పైకప్పు పొడిచారు. శనివారం తీసుకెళితే అంకుల్ తన అద్దం కంటికి పెట్టుకుని చాలాసేపు చూసి, అసలైనదేనని తేల్చి, వచ్చే నెల ప్రదర్శనలో పెడదామని అక్కడికక్కడే ఆపాను స్పెల్లింగ్ అడిగి పేరు రాసుకున్నారు. అంతవరకు ఆవిడను కుర్చీలాగా చూసిన మగాళ్లంతా చుట్టూ మూగారు.

ఈలోగా వాళ్లన్నకు ఒంట్లో బాగాలేదని కబురొచ్చి ఆపా హైదరాబాదు వెళ్లాల్సి వచ్చింది. ఆ సెంటును ఇంట్లో వదలడానికి భయం, ఎందుకంటే వాళ్లాయన అంతకుముందు ఒకసారి ఆవిడ తీసిపెట్టిన బిళ్లలు చిల్లరనుకుని హాకర్ సెంటర్‌లో టీకి ఇచ్చేశారు. అందుకని చిన్న కాగితం పొట్లంలో పెట్టి నా చేతిలో ఉంచి, "నేనొచ్చేదాక జర మంచిగ ఉంచమ్మా, పైలం" అంది. గోదావరి యాస తప్ప ఎరగనిదాన్ని, పైలం అంటే జాగ్రత్త అని నాకేం తెలుసు? నా చెవికి అందింది "మంచిగ" ఒక్కటే. ఇలా మట్టి కొట్టుకుపోయినదాన్ని మంచిగా చేసి పెట్టమంది కాబోలు అనుకున్నాను.

ఇక చెప్పేదేముంది. శుక్రవారం దేవుడి రాగిచెంబూ, హారతి పళ్లెమూ తోముకుంటూ, చింతపండులో ఇంత రాళ్లుప్పు కలిపి, ఆ సెంటును కూడా బొటనవేలితో రుద్ది రుద్ది తోమాను. తళతళా మెరిసింది. మెత్తని గుడ్డతో తుడిచి మళ్లీ పొట్లం కట్టాను. మా అమ్మ నేర్పిన పనితనం సింగపూరులో ఇలా అక్కరకొచ్చిందని మురిసిపోయాను కూడా!

ఆపా వచ్చిన మర్నాడే శనివారం. దుకాణంలో అందరి ముందూ విప్పి ఆశ్చర్యపరుద్దామని దారిలో పొట్లం చూపించలేదు. గాజు బల్ల మీద నేనే విప్పాను. దీపం కింద సెంటు నిప్పుకణంలా ఉంది. అంకుల్ అద్దం తీసి, ఒక్క క్షణం చూసి, అరిచినంత గట్టిగా, "అయ్యో ఆంటీ, హూ వాష్ దిస్ వన్? స్పాయిల్ ఆల్రెడీ లా!" అన్నారు. పాతబడ్డ రంగే నాణేనికి ప్రాణమట, కడిగితే పైపొర పోతుందట, పోయినది మళ్లీ రాదట. ప్రదర్శనలో ఇక పెట్టలేమట. ఆపా వైపు చూశాను. ఆవిడ సెంటును చూసింది, తర్వాత నన్ను చూసింది. నేనే కడిగానని చెబుదామని నోరు తెరిచాను, చుట్టూ మూగిన మగాళ్లను చూసి మూసుకున్నాను.

"ఐ, అంకుల్. ఐ వాష్" అంది ఆపా.

వెనకనుంచి ఎవరో పకాలుమన్నారు, ఇంకెవరో "హౌస్‌వైఫ్, లా!" అన్నారు, అంకుల్ అప్పటికే అచ్చువేసి ఉంచిన చీటీని సొరుగులో పడేసి సొరుగు మూశారు. ఆపా అన్నది నిజం కాదని చెప్పడానికి నాకు అప్పటికీ టైముంది. నేను నోరు విప్పలేదు.

తిరుగు బస్సులో, పైఅంతస్తులో పక్కపక్కన కూర్చున్నాం. ఆపా, "చింతపండు ఏసినవా, నిమ్మకాయా?" అని అడిగింది. చింతపండూ ఉప్పూ అన్నాను. "గందుకే గంత మెరిసింది" అని నవ్వి, కొంగు నోటికి అడ్డంపెట్టుకుని కిటికీ వైపు తిరిగి భుజాలు అదిరేలా ఏడ్చింది. ఎందుకలా చెప్పావు ఆపా అని నేనూ ఏడుస్తూ అడిగితే, "నీ మొగం జూసిన. గంతమందిల పడిపోతవేమో అనిపించింది" అంది. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఆ తర్వాత ఆవిడ ఒక్క రోల్ కూడా విప్పలేదు. కళ్లు లాగుతున్నాయని చెప్పి మా భూతద్దం తిరిగిచ్చేసింది. నేనే బ్యాంకుకు వెళ్లి రోల్స్ తెచ్చి వాళ్ల గుమ్మంలో పెట్టాను, నాలుగు రోజులు అక్కడే ఉంటే మళ్లీ నేనే తీసుకొచ్చుకున్నాను. కొన్నాళ్లకు ఒక సెంటు బిళ్లలు కొత్తవి రావడమే మానేశాయి, ఇంకొన్నాళ్లకు వాళ్లాయన ఉద్యోగం ముగిసి హైదరాబాదు వెళ్లిపోయారు. పోయిన ఏడాది వాళ్లమ్మాయి ఫోను చేసి ఆపా పోయిందని చెప్పింది. ఆ అమ్మాయితోనైనా అసలు సంగతి చెప్పాలనుకుని, మీ అమ్మ చాలా మంచిది అని మాత్రం అన్నాను.

ఇప్పుడు ఆ దుకాణం ఉన్నచోట గోళ్లకు రంగులు వేస్తున్నారు. చింతపండు గుజ్జుగా సీసాల్లో వస్తోంది, ఇళ్లల్లో స్టీలు చెంబులు చేరాయి, చిల్లర చేత్తో తడిమి చూసేవాళ్లే లేరు. ఇవన్నీ పోయినందుకు బాధే గానీ, ఆ దుకాణంలో నిలబడి నిజం చెప్పేందుకు నాకున్న చోటు కూడా వాటితోపాటే పోయింది, నా బాధ అది. ఆ శనివారం అక్కడున్నవాళ్లలో ఒక్కరైనా ఎక్కడో ఉండి, హైదరాబాదు ఆంటీ ఒకావిడ బంగారంలాంటి నాణేన్ని తెలివితక్కువగా కడిగి పాడుచేసిందని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతున్నారేమో. ఆవిడ కడగలేదండీ. నేను కడిగాను.